పంచిపెట్టిన గొంతు

గొంతు ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు నోరు మెదపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెకు తన గొంతు వినబడింది. ఆసుపత్రి వరండాలో, గోడకు బిగించిన టీవీలోంచి.

కుట్లు చూపించుకోవడానికి భర్తతో వచ్చి టోకెన్ పట్టుకుని కూర్చుంది. టీవీలో ఏదో సీరియల్ మొదలవుతోంది. ఏడుపు మొహం పెట్టుకుని ఒక అమ్మాయి మేడ దిగుతుంటే, వెనకాల మాటల్లేని ఆడగొంతు ఒకటి ‘ఆ’ అంటూ సన్నగా పైకి పాకుతోంది. వరండాలో ఎవరి నొప్పి వాళ్ళది. తలెత్తింది ఆమె ఒక్కతే.

మొదట పోలిక అనుకుంది. మనిషిని పోలిన మనుషులున్నప్పుడు గొంతును పోలిన గొంతులూ ఉంటాయి. కానీ ఆ ‘ఆ’ ముగిసేచోట ఒక జీర ఉంది. ‘నీ పాట చివర తలుపు కిర్రుమంటుందే’ అని చిన్నప్పుడు అమ్మ ఏడిపించిన జీర. ఇంతలో గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది. ఆ పై స్వరం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అందలేదు. టీవీలో కూడా అది అందిన స్వరంలా లేదు. చాలని దుప్పటిని కాళ్ళదాకా లాగినట్టు, కింది స్వరాన్ని పట్టుకుని సాగదీసినట్టుంది. పాడిన స్వరాల వల్ల అనుమానం వచ్చింది, పాడని స్వరం వల్ల రూఢి అయింది.

తెర మీద ‘సంగీతం’ అని పడి, దాని కింద చెల్లెలి మొగుడి పేరు పడింది.

ఆమె భర్త మోచేతిని గిల్లింది.

“ఏం, నొప్పా?” అన్నాడాయన కంగారుగా.

ఆమె టీవీ చూపించింది. తన మెడ చూపించింది. మళ్ళీ టీవీ చూపించింది.

“సౌండు తగ్గించమనాలా?”

ఆమె నుదురు కొట్టుకుంది. మూగదాని బాధ మొగుడికైనా తెలియదు అనుకుంది.

ఆ గొంతు అతనికి ఎలా చిక్కిందో చెప్పాలి. అప్పటికి మరిది ఇంకా పెద్ద సంగీత దర్శకుడు కాలేదు. సబ్బుల ప్రకటనలకు వాయించుకునే దశ. అతని స్టూడియో ఉన్న వీధిని మురుగు గొట్టాల కోసం అడ్డంగా తవ్వి పడేశారు. పొద్దస్తమానం యంత్రాల మోత. “వదినగారూ, మీ వెనకగది ప్రశాంతంగా ఉంటుంది. కొత్త మైకు ఒకటి చూసుకోవాలి. ఒక్కపూట గదీ, గొంతూ రెండూ అప్పివ్వండి” అని వచ్చాడు. చెల్లెలి మొగుడు. పైగా పాటంటే చెవి కోసుకునే మనిషి ఆమె. కాదంటుందా?

తలుపుకు పరుపు ఆనించారు. కిటికీకి దుప్పట్లు కట్టారు. ఫ్యాను ఆపారు. వంటింట్లో ఫ్రిజ్ గురక కూడా మైకులో పడుతోందని అతనే వెళ్ళి దాని స్విచ్చి తీసేశాడు. ఆమె కంప్యూటర్లో ఒక రికార్డింగ్ ప్రోగ్రాం ఎక్కించాడు.

“ఇది కొన్నారా?” అనడిగింది.

“కొనడమేంటి వదినగారూ! ఇది వీధికుళాయి లాంటిది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి, కావాలన్న వాడికల్లా ఊరికే ఇచ్చేస్తారు. లోపల ఎలా పనిచేస్తుందో కూడా దాచుకోరు. బిందె ఉంటే చాలు, పట్టుకోవడమే.”

“మరి వాళ్ళకేంటి?”

“పిచ్చి” అని నవ్వాడు.

పాట వద్దన్నాడు. ఉత్త ‘ఆ’ చాలన్నాడు. హార్మోనియం మెట్ల వరసలో ఒక్కో స్వరం, మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి. చెమట కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, “ఇదంతా దేనికండీ?” అనడిగింది మధ్యలో.

“ఊరికే టెస్టింగే వదినగారూ, ఎక్కడా వాడను” అన్నాడు.

పై స్వరం ఒకటి ఎంత లాగినా రాలేదు. “వదిలేయండి, దాని సంగతి నేను చూసుకుంటా” అన్నాడు. సాయంత్రానికి అంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్ళిపోయాడు. ఫ్రిజ్ స్విచ్చి వేయడం ఇద్దరూ మర్చిపోయారు. మర్నాడు పొద్దున పొయ్యి మీద పాలు విరిగిపోయాయి. ఆ రోజు ఆమెకు అంత బాగా గుర్తుండటానికి కారణం ఆ పాలే.

అంతకుముందు అప్పుడప్పుడూ కోరస్‌కు పిలిచేవాడు. నలుగురి వెనక నిలబడి పాడి వచ్చిన రోజు ఆమెకు నేల మీద కాళ్ళు నిలిచేవి కావు. ఆ పిలుపులు ఆగిపోయాయి. “కాలం మారింది వదినగారూ, ఇప్పుడు మనుషులతో పాడించడం తగ్గిపోయింది” అన్నాడు. కాలానిదే తప్పనుకుంది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నాక గానీ తెలియలేదు, మనిషిని పిలవకపోవడానికి కారణం ఆ మనిషి అప్పటికే అతని కీబోర్డు మెట్ల కింద ఉండటమని.

ఇంటికి రాగానే చెల్లెలికి ఫోన్లో రాసింది: ‘ఆ సీరియల్లో గొంతు నాది.’

జవాబు చాలాసేపటికి వచ్చింది. ‘అయితే ఏంటక్కా? మనం మనం ఇంటివాళ్ళమేగా. ఆయన దాని మీద ఎంత కష్టపడ్డారో నీకు తెలీదు. నువ్వు ముందు రెస్టు తీసుకో.’

ఆమె రెస్టు తీసుకుంది. మాట తిరిగి వచ్చింది. కొంచెం కిందికి దిగిన మాట, జలుబు చేసినవాళ్ళ మాట. మాట్లాడుకోవడానికి బాగానే ఉంది. ఆపరేషన్‌కు ముందు డాక్టరు, “పాడే వృత్తేమైనా ఉందా?” అనడిగితే, “లేదండీ, ఇంట్లోనే” అంది. “అయితే ఫర్వాలేదు” అన్నాడాయన. ఫర్వాలేదన్నది ఏమిటో, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం గిన్నెలు సర్దుతూ అలవాటుగా రాగం అందుకోబోతే అర్థమైంది. నాలుగు మెట్లు ఎక్కాక గొంతు లేదు. గాలి ఉంది. ఇంకోసారి ప్రయత్నించింది. గాలే.

భర్తకు ఒక్కడికే చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, దేన్నయినా బాగు చేయొచ్చనే నమ్మకం. “ఆయిలు వేస్తే సరిపోదూ?” అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయన కూడా ఆపేసి, గ్యాసు మీద నీళ్ళు పెట్టి తెచ్చిచ్చాడు. 

అంటే ఆమె పాడిన గొంతు లోకంలో ఒక్కచోటే మిగిలింది. మరిది దగ్గర.

సీరియల్‌కు పేరొచ్చింది. చెల్లెలు ఇంట్లో భోజనాలు పెట్టింది. ఆ సీరియల్ తీసి, ఇప్పుడు సినిమా మొదలుపెడుతున్న దర్శకుడు వచ్చాడు, ఇంకా బోలెడంత మంది సెంటు వాసనల వాళ్ళు వచ్చారు. భోజనాలయ్యాక మరిది కీబోర్డు ముందు కూర్చున్నాడు. వేలు పెట్టాడు. హాలు నిండా ఆమె గొంతు.

“ఇంతకీ ఎవరండీ ఈ పాడిన ఆవిడ?” అంది ఒకామె.

“ఎవరూ కాదండీ” అన్నాడు మరిది. “అది యంత్రం. నేను తయారుచేసుకున్నా. ఇలాంటి శబ్దం లోకంలో ఇంకెవరి దగ్గరా లేదు.”

“అందుకేగా మా సినిమాకి నిన్ను పట్టుకుంది” అన్నాడు దర్శకుడు, పళ్ళు కుట్టుకుంటూ. “ఇదే శబ్దం కావాలి నాకు సినిమా అంతా. ఇంకోడి దగ్గర దొరికితే నీ దగ్గరికెందుకొస్తా?”

ఆమె చేతులు కడుక్కునే చోట మరిదిని పట్టుకుంది.

“మరిదిగారూ, అది యంత్రం కాదు. నా గొంతు.”

“కాదని ఎవరన్నారు వదినగారూ?” అన్నాడు తుండుగుడ్డ తీసుకుంటూ. కోపం లేదు, సిగ్గూ లేదు. “కానీ ఇటుకలిచ్చిన వాళ్ళు ఇల్లు మాదనరు కదా. కట్టింది నేను.”

“ఇల్లు వద్దు. ఎక్కడో ఒకచోట నా పేరు...”

“ఏమని వేయమంటారు? ‘ఆ’ అన్నవారు ఫలానా అనా?” అని హాయిగా నవ్వి, తుండు ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఆమె హాల్లోకి వచ్చేసరికి ఎవరో, “మీరూ పాడతారట కదా, ఒక్కటి పాడండి” అన్నారు. ఆమె నోరు తెరిచేలోపే మరిది అందుకున్నాడు. “వదినగారికి ఆపరేషనయిందండీ, ఇప్పుడు పాడలేరు. ఏం ఫర్వాలేదు, మన యంత్రం ఉందిగా!” అని మెట్ల మీద వేళ్ళు పరిచాడు. ఆమె ఎదురుగా, ఆమె గొంతుతో, ఆమెకు రాని స్వరంతో సహా పాడించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది, చెల్లెలు తనవైపే చూస్తోంది కాబట్టి.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు మీద భర్త అడిగాడు. “ఏమంటాడు మా తోడల్లుడు?”

“ఇటుకలు నావట. ఇల్లు అతనిదట.”

“కోర్టుకెళ్దామా?”

“వెళ్తే? వదినా మరిదీ జుట్టూ జుట్టూ పట్టుకున్నారంటారు. ఇంటివాళ్ళ గొడవని ఊరికి సినిమాలా చూపించినట్టవుతుంది.”

“మరి వదిలేస్తావా?”

“వదిలేస్తానని నేనన్నానా?”

భర్త స్కూటరు వేగం పెంచాడు. ఆ గొంతు ఆయనకు తెలుసు. దుకాణంవాడు తూకంలో మోసం చేసినప్పుడు ఆ గొంతే వినబడేది. కేకలుండవు. కాకపోతే ఆ తర్వాత ఆ వీధిలో ఒక్కరూ వాడి దగ్గర కొనేవాళ్ళు కాదు.

పగబట్టిన మనిషికి మధ్యాహ్నాలు చాలా పొడుగు. ఇల్లు సర్దుకున్నాక ఆమె వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చునేది. మరిది ఎక్కించిన ప్రోగ్రాం అలాగే ఉంది. అందులో ఆ రోజు చేసిన పనీ ఉంది. కానీ చక్కగా కత్తిరించి, దగ్గులూ మాటలూ తీసేసిన ముక్కలు తప్ప ఏమీ కనబడలేదు. ఒకరోజు మౌసు జారి, ఒక ముక్క అంచు చేతికి తగిలి పక్కకు సాగింది. సాగిన మేరకు కొత్త గీతలు వచ్చాయి. మీట నొక్కితే ఫ్యాను ఆపమంటున్న తన మాట వినిపించింది.

ఆమెకు బట్టలు కుట్టడం తెలుసు. పిల్లలకు గౌను కుట్టేటప్పుడు అంచు లోపలికి మడిచి వదులుతారు, పొడుగైనప్పుడు కుట్టు విప్పుకోవచ్చని. ఇదీ అంతే. కత్తిరించినట్టు కనబడుతుందే గానీ ఈ ప్రోగ్రాం గుడ్డ పారేయదు, మడిచి లోపల పెడుతుంది. మరిది పనివాడే గానీ ఓపిక లేని పనివాడు. తనకు కావలసింది పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు, మడతల్లో ఏం మిగిలిందో చూడలేదు. ఆమె ఒక్కో అంచే లాగింది. తన ‘ఆ’లన్నీ ఉన్నాయి, అతను వాడుకోనివి కూడా. వాటి మధ్యలో అతని గొంతు, మైకుకు దగ్గరగా, స్పష్టంగా: “ఊరికే టెస్టింగే వదినగారూ, ఎక్కడా వాడను.”

ఆమె దాన్ని మళ్ళీ మళ్ళీ విని, కుర్చీలో వెనక్కి వాలింది. చాలా రోజుల తర్వాత ఆమెకు ఆకలేసింది.

అలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళూ వాడేవాళ్ళూ ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి మాట్లాడుకుంటారని తెలుసుకుంది. అక్కడ ‘ముసలి గుడ్లగూబ’ అని పేరు పెట్టుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు. ఎక్కడివాడో తెలియదు. పాత వాయిద్యాల శబ్దాలు రికార్డు చేసి అందరికీ ఊరికే ఇస్తుంటాడు. ఏ ప్రశ్నకైనా విసుక్కోకుండా జవాబిస్తాడు. గొంతును మెట్ల మీద ఎలా పరచాలో ఆయన్ని అడిగి నేర్చుకుంది. దానికీ ఒక ప్రోగ్రాం ఉంది, అదీ వీధికుళాయే. ఒక్కో స్వరం తల దగ్గర గాలిని తీసేయాలి. అన్నిటి గట్టితనం సమానం చేయాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం వచ్చిన చేతికి అది కొత్త పనేం కాదు. భర్త భోజనానికి వచ్చి, “ఇంకా నిన్ను నువ్వు ఏరుకోవడం అవలేదా?” అని వడ్డించుకుని తినిపోయేవాడు.

అందని పై స్వరం దగ్గరికి వచ్చి ఆగింది. సాగదీయడం ఆమెకూ వచ్చు ఇప్పుడు. అయినా ఆ మెట్టును ఖాళీగా వదిలేసింది. పాడనిదాన్ని పాడానని చెప్పుకోవడం ఆమెకు గిట్టదు. ఇక అన్నిటికంటే అడుగున, ఆడగొంతు దిగలేనంత కింద ఒక మెట్టు మిగిలింది. అక్కడ మరిది మాటను పెట్టింది.

వాయిద్యానికి ‘వదిన’ అని పేరు పెట్టి గుడ్లగూబకు పంపింది. మర్నాడు ఆయన రాశాడు.

‘చాలా బాగుంది. ఇంత శుభ్రమైన పని ఈ మధ్య చూడలేదు. రెండు సంగతులు. ఒకటి, ఏ షరతు మీద ఇస్తున్నారో చెప్పాలి. వాడుకున్నవాళ్ళు మీ పేరు చెప్పాలనే షరతు పెట్టొచ్చు. నేనైతే అదే పెడతాను. లేదా ఏ షరతూ లేకుండా లోకానికి వదిలేయొచ్చు. కానీ అలా వదిలితే మళ్ళీ వెనక్కి తీసుకోలేరు. రెండు, ఆ కింది మెట్టు మీద మగగొంతు ఎవరిది? ఆయన అనుమతి ఉందా?’

మొదటి ప్రశ్న దగ్గర ఆమె ఒక పూటంతా కూర్చుంది. పేరు. చేతులు కడుక్కునే చోట నిలబడి అడుక్కున్నది దాన్నే. కానీ పేరు పెడితే ఇది మళ్ళీ ఆమె ఆస్తి అవుతుంది, ఆస్తి అయితే తగాదా అవుతుంది, తగాదాలో మరిదికి మాట్లాడటం బాగా వచ్చు. పేరు లేకపోతే ఇది వాన. వాన మీద ఎవడు దావా వేస్తాడు? తనకు దక్కకపోయినా సరే, అతనొక్కడి దగ్గరే ఉండకూడదు. ‘ఏ షరతూ లేదు’ అన్న గడిలో గుర్తు పెట్టింది.

రెండో ప్రశ్నకు అంతసేపు పట్టలేదు. తను చేస్తున్నది ఏమిటో ఆమెకు తెలుసు. అతను చేసిందే. అడగకుండా ఒకరి గొంతు తీసుకుని మెట్టు కింద పెట్టడం. తెలిసే రాసింది: ‘ఇంటివాడే.’

గుడ్లగూబ దాన్ని అందరూ ఊరికే తీసుకునేచోట పెట్టాడు. కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. లోకం అలా ఉచితంగా ఇచ్చేవాటిని తాపీగానే ముట్టుకుంటుంది. ఆమె రోజూ చూసేది, వెళ్ళి తన పని చేసుకునేది. ఒక సాయంత్రం భర్త టూల్‌బ్యాగు దించకుండానే నవ్వుతూ లోపలికొచ్చాడు.

“ఇవాళ కొత్త లిఫ్టు బిగించాం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ‘ఆ’ అంటోంది. అంటున్నది నువ్వే.”

“నిజంగా?”

“మొగుణ్ణి, ఆ మాత్రం గుర్తుపట్టనా? మా ఇంజనీరును అడిగితే ఎక్కడో ఊరికే దొరికిందన్నాడు. ఏ అంతస్తుకెళ్ళినా నువ్వే ఎదురొస్తుంటే ఇంక నేను బయట తప్పుచేసే దారేదీ?”

అక్కణ్ణుంచి గట్టు తెగింది. నేల తుడిచే మందు ప్రకటనలో వినబడింది. ఫోన్ ఆటల్లో కోతి చచ్చిపోయినప్పుడు వినబడింది. బస్టాండులో ‘దయచేసి వినండి’కి ముందు వినబడింది. పేల షాంపూవాడు వాడాడు, బూట్లవాడు వాడాడు, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళందరూ వాడారు. ఆమెకు ముచ్చటేం వేయలేదు. కోతి చచ్చినప్పుడల్లా ‘ఇంకో ఇటుక’ అనుకునేది.

కింది మెట్టు సంగతి మాత్రం ఆమె కూడా ఊహించలేదు. మన మాట రాని దేశాల కుర్రకారు ఆ మెట్టు నొక్కి చూశారు. అర్థం తెలియలేదు గానీ తాళం బాగుందనిపించింది. ముక్కలు చేసి డప్పుల మీద వేశారు. ‘ఎక్కడా వాడను, ఎక్కడా, ఎక్కడా, ఎక్కడా వాడను’ అని ఎక్కడపడితే అక్కడ మోగింది. దానికి గెంతుతూ వీడియోలు పెట్టారు. ఒకడు దానికి పిల్లిచేత తల ఊపించాడు.

చెల్లెలు ఫోన్ చేసింది.

“అక్కా, దర్శకుడు ఆయన్ని సినిమాలోంచి తీసేశాడే. ‘నీ యంత్రం మా అపార్టుమెంటు లిఫ్టులో ఉందయ్యా’ అన్నాడట అందరి ముందూ. పైగా ఆయన మాట... మా వీధి పిల్లలు గొంతు గుర్తుపట్టి, రోడ్డు మీద ఆయన్ని చూసి ‘ఎక్కడా వాడను’ అని అరుస్తున్నారు. నువ్వే చేశావా?”

“ఆ.”

“తీసెయ్యవే. నీకు దండం పెడతా.”

“తీయడం కుదరదే. వాన పడ్డాక మబ్బులోకి తిరిగి ఎక్కదు.”

“సొంత చెల్లెలి సంసారం అక్కా! నీకు సంతోషంగా ఉందా?”

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి కారణమేమీ కనబడలేదు.

“ఉంది” అంది. “నీ గురించి కాదు. కానీ ఉంది.”

అవతల ఏడుపు వినబడింది. ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు స్టవ్వు తుడుస్తూనే ఉంది, అది శుభ్రంగా ఉన్నా సరే.

రెండు రోజులు గడిచాక మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ వచ్చారు. మరిది కూర్చోలేదు.

“చెప్పండి వదినగారూ. ఎంత ధైర్యం మీకు! నన్ను ఒక్క మాట అడక్కుండా, నా గొంతు తీసుకెళ్ళి లోకం మీద వదులుతారా? నా గొంతండీ అది! ఎవడు పడితే వాడు...”

అక్కడ ఆగిపోయాడు. తన మాట తన చెవికే తగిలినట్టుంది. చెల్లెలు నేల చూసింది. ఆమె మరిదికి మంచినీళ్ళిచ్చింది.

“మీరు మాట ఇచ్చారు మరిదిగారూ. ఆ మాట నలుగురికీ వినిపించా. అంతే. ఇక నా ఇటుకలంటారా, అందరివీ అయ్యాయి. మీరూ వాడుకోవచ్చు. ఎవరూ వద్దనరు. అందరితో పాటు.”

అతను గ్లాసు పూర్తిగా తాగాడు. తాగేసరికి మొహం మారింది, బేరానికి వచ్చిన మనిషి మొహం అయింది.

“సరే. తప్పయింది. గడిచిందేదో గడిచింది. మళ్ళీ రికార్డు చేద్దాం వదినగారూ. మొదటినుంచీ, మంచి మైకుతో. ఈసారి మీ పేరు ముందు వేస్తా, నా పేరు వెనక వేస్తా. కాగితం మీద రాసిస్తా. కాకపోతే అది మన ఇద్దరి మధ్యే ఉండాలి. ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఏమంటారు?”

“రండి” అంది.

వెనకగదిలోకి తీసుకెళ్ళింది. తలుపుకు పరుపు ఆనించింది. కిటికీకి దుప్పటి కట్టింది. ఫ్యాను ఆపింది, వంటింట్లోకెళ్ళి ఫ్రిజ్ స్విచ్చీ తీసింది. చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడిపోయింది. మరిది హెడ్‌ఫోన్లు పెట్టుకుని హుషారుగా కూర్చున్నాడు. తెర మీద ఎర్రచుక్క వెలిగింది.

ఆమె కింది మెట్టు నుంచి ఎత్తుకుంది. ‘ఆ.’ బాగానే వచ్చింది. అతను తల ఊపాడు. రెండు, మూడు. నాలుగో మెట్టు దగ్గర అంచు చిరిగింది. ఆ పైన అంతా గాలి. ఆమె ఆగలేదు. నోరు తెరిచి, కడుపులోంచి ఊపిరి లాగి, ఒక్కో మెట్టూ అతను ఆ రోజు చెప్పిన వరసలోనే, మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి, గాలినే పాడింది. చివర అందని ఆ పై స్వరం కూడా పాడింది. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

అతను హెడ్‌ఫోన్లు తీసేశాడు.

“ఎప్పట్నుంచి?” అన్నాడు.

“ఆపరేషన్ నుంచి. మీ ఇంట్లో భోజనాలప్పుడూ ఇంతే. పాడలేరని మీరే చెప్పారుగా అందరికీ.”

“నేను ఏదో... కొన్నాళ్ళకి సర్దుకుంటుందనుకున్నా.”

“అడగలేదుగా.”

గదిలో గాలాడటం లేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది. “అయితే ఉన్నది అదొక్కటే కదండీ” అన్నాడు. మొదటిసారి అతని గొంతులో బేరం లేదు. “ఇంకెక్కడా లేదు కదా. దాన్ని ఎందుకు పంచేశారు వదినగారూ? కోతుల ఆటలకీ, పేల షాంపూలకీ?”

“మీ ఒక్కరి దగ్గరే మిగిలిపోతుందని.”

ఇంకా ఏదో అనబోయాడు. గుమ్మంలోంచి చెల్లెలు, “పదండి” అంది. అతనితో కాదు, ఎవరితోనో అన్నట్టు. పరుపు తనే పక్కకు జరిపింది. వెళ్తూ అక్క మెడ మీద మచ్చను ఒకసారి వేలితో తాకింది. అది క్షమించడమో కాదో ఆమెకు తెలియలేదు, తెలుసుకోవాలని తొందరా పడలేదు.

వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు వినబడింది. సందులో ఎవరో పిల్లాడు ‘ఎక్కడా, ఎక్కడా వాడను’ అని అందుకున్నాడు. కారు తలుపు గట్టిగా పడింది.

ఆమె ఎర్రచుక్క ఆపింది. దుప్పటి విప్పి మడతపెట్టింది. వంటింట్లోకెళ్ళి, ముందు ఫ్రిజ్ స్విచ్చి వేసింది. తలుపు తీసి గిన్నె బయటికి తీసి వాసన చూసింది. ఈసారి పాలు విరగలేదు.